దక్కను డెర్బీయు గాంధీ జయంతియు

అక్టోబరు 2వ తేదీ వచ్చినదనిన మన జనగామలోను, మానుకోటలోను, భూపాలపల్లిలోను సారా దుకాణముల తలుపులు మూతపడును. మాంసపు దుకాణములు మూతపడును. కచేరీలకు, పాఠశాలలకు, ధాన్యపు మార్కెట్లకు సెలవు. మహాత్ముని పటమునకు పూలదండ వేసి, రెండు మంచిమాటలు చెప్పి, చీపురు చేతబట్టి నాలుగు బారల వీధి నూడ్చి పెద్దమనుష్యులు ఇండ్లకు పోవుదురు. ఆ దినముననే హైదరాబాదు మలక్‌పేటలో గుఱ్ఱపు పందెముల మైదానము జనముతో కిటకిటలాడుచుండును. దక్కను డెర్బీ యను ప్రసిద్ధమైన పందెమును గాంధీ జయంతినాడు నడుపుట చిరకాలముగా వచ్చుచున్న ఆనవాయితీ. మద్యము కూడని దినమున, మాంసము కూడని దినమున, పందెమొడ్డుట మాత్రము కూడునట!

"ఎచ్చటనో గుఱ్ఱములు పరుగెత్తిన మనకేమి? మన మూడు జిల్లాలలో పందెపు గుఱ్ఱ మొక్కటియైనను లేదుగదా" యని పఠనమందిరములోని మిత్రులు కొందఱు మమ్ము అడుగుచున్నారు. లేదనుమాట నిజమే. కాని ఆ మైదానపు చరిత్రకును మన ఊళ్ళ చరిత్రకును ఒక ముడి కలదు. ఆ ముడి యెట్లు పడినదో తెలియనివారికి ఈ పందెము వట్టి వేడుకగా కానవచ్చును.

డెర్బీ యనునది ఇంగ్లండులో ఒక ప్రభువుగారి బిరుదు. 1780లో లండనునకు సమీపమున నున్న ఎప్సమ్ మైదానమున మూడేండ్ల గుఱ్ఱముల కొక పందెమును ఏర్పఱచి, దానికి పండ్రెండవ డెర్బీ ప్రభువు పేరు పెట్టిరి. పేరు తనదా, తన మిత్రుడైన సర్ చార్లెస్ బన్‌బరీదా యనుటకు నాణె మెగురవైచి తేల్చుకొనిరని ఒక కథ కలదు. కథ ఎట్లున్నను, మొదటి పందెమును గెలిచిన డయోమెడ్ అను గుఱ్ఱము బన్‌బరీది. పేరు ఒకరికి దక్కినది, గెలుపు మఱియొకరికి దక్కినది. ఆ సంవత్సరముననే హైదరలీ ఆశ్వికులు కర్ణాటక మైదానములమీదికి దిగి, పొల్లిలూరు వద్ద కుంఫిణీవారి సేనను చిత్తు చేసిరి. ఒకే ఏడు, అచ్చట గుఱ్ఱము వినోదమునకు పరుగెత్తినది, ఇచ్చట రాజ్యముకొఱకు పరుగెత్తినది.

ఈ పందెములలో పరుగెత్తు జాతికి థరోబ్రెడ్ అని పేరు. దానిని ఇంగ్లీషువారి సృష్టియని గొప్పగా చెప్పుదురు. చెప్పనిండు. ఆ జాతి మగ వంశమంతయు మూడే గుఱ్ఱముల నుండి వచ్చినది: బైయర్లీ టర్క్, డార్లీ అరేబియన్, గొడాల్ఫిన్ అరేబియన్. పేర్లలోనే ఊరు తెలియుచున్నది. మూడింటిలో ఒక్కటియు ఇంగ్లీషు గడ్డపై పుట్టినది కాదు. డార్లీ గుఱ్ఱమును 1704లో సిరియాలోని అలెప్పో నగరమునుండి తరలించుకొనిపోయిరి. తూర్పుదేశముల రక్తమును తీసికొనిపోయి, 1791లో దానికొక వంశావళి పుస్తకము వ్రాసికొని, అందు తాతముత్తాతల పేర్లు లేని గుఱ్ఱమును పందెమునకు రానీయరైరి. కృత్రిమ పద్ధతులతో పుట్టిన పిల్లకు ఆ పుస్తకములో చోటు లేదు. మన పెండ్లిండ్లలో గోత్రము విచారించు తాతలుకూడ ఇంత నిష్ఠగా విచారింపరు.

మన దేశమునకు ఈ వేడుక తెల్లదొరల దండులతో వచ్చినది. చెన్నపట్టణపు గిండీలో 1777 నాటికే పందెములు మొదలైనవని చెప్పుదురు; అనగా ఎప్సమ్ డెర్బీకంటెను ముందన్నమాట. నిజాము ప్రభుత్వము 1798లో కుంఫిణీతో సైన్యసహాయపు ఒడంబడిక చేసికొన్నది. 1806లో సికింద్రాబాదు పేరుతో కంటోన్మెంటు వెలసినది. దండు ఉన్నచోట గుఱ్ఱములుండును. పని లేని సాయంకాలములుండును. ఈ రెండును కలిసినచోట పందెము పుట్టకమానదు. 1868లో, అఫ్జలుద్దౌలా నిజాముగా నున్న కాలమున, మౌలాలీలో హైదరాబాదు పందెములు మొదలైనవి. ఆ కాలమున దేశమందలి పందెములలో అరబ్బీ గుఱ్ఱములదే పైచేయి.

1886లో ఆరవ నిజాము మీర్ మహబూబ్ అలీఖాను పందెముల మైదానమును మౌలాలీనుండి మలక్‌పేటకు మార్పించెను. కారణము సులభము: మలక్‌పేటలో ఆయనకు మహబూబు మాన్షన్ అను మేడ యున్నది. ప్రభువు పందెమునొద్దకు పోవుటకంటె పందెమే ప్రభువునొద్దకు వచ్చుట మర్యాద గదా. అప్పటికి ఆయనకు ఇరువదేండ్ల ప్రాయము. సంపూర్ణాధికారము చేతికి వచ్చి రెండేండ్లు. మహబూబాబాదు అను పేరు వినినప్పుడెల్ల మనకు ఆ ప్రభువే జ్ఞాపకము వచ్చును. జనులు మాత్రము నేటికిని మానుకోట యనియే పిలుచుచున్నారు. రైలు పలక మీద ఒక పేరు, నోటిలో ఒక పేరు.

ఆ 1886వ సంవత్సరమును పాఠకులు గుర్తుంచుకొనవలెను. ఆ యేటనే సికింద్రాబాదు నుండి వరంగల్లువఱకు రైలు నడిచినది. జనగామ స్టేషనులో మొదటి పొగబండి ఆగినది అప్పుడే. 1889 నాటికి ఆ దారి డోర్నకల్లు మీదుగా బెజవాడకు చేరెను. మానుకోట దాని మీదనే యున్నది. లండనులో నెలకొల్పబడిన కంపెనీ ఆ రైలును వేసినది. కంపెనీ వాటాదారులకు వడ్డీ హామీ యిచ్చినది నిజాము ఖజానా. రైలు నడిచినను వడ్డీ, నడువకున్నను వడ్డీ. ఆ ఖజానాలోని సొమ్ము ఎవరిది? చెలక దున్నిన రైతుది. మలక్‌పేటలో గుఱ్ఱములమీద పందెము కట్టినవాడు కొన్నిసార్లయినను ఓడిపోయెడివాడు. మన రైలుమీద పందెము కట్టిన లండను దొర ఎన్నడును ఓడిపోలేదు. చాందా రైల్వే ఒప్పందమని పేరొందిన ఆ యేర్పాటును బహిరంగముగా విమర్శించిన అఘోరనాథ చట్టోపాధ్యాయుని 1883లో రాజ్యమునుండి వెడలగొట్టిరి. ఆయన సరోజినీదేవికి తండ్రి. హైదరాబాదు సంస్థానమున ప్రజాభిప్రాయ మను మాటకు మొదటి మూల్యము చెల్లించినవారిలో ఆయన యొకరు.

మైదానము రాజధానిలో నున్నను దాణా పల్లెలనుండి వచ్చినది. "గుఱ్ఱము గుడ్డిదైనను దాణాకు తక్కువ లేదు" అను సామెత మనవారి నోట ఊరక పుట్టలేదు. అధికారి ఊరిలో మకాము వేసినప్పుడు ఆయన గుఱ్ఱములకు గడ్డియు దాణాయు ఊరివారే సమకూర్పవలెను, మూల్యము అడుగరాదు. దొర బగ్గీకి ముందు మనుష్యులు పరుగెత్తవలెను. గుఱ్ఱముతో సమానముగా పరుగెత్తిన ఆ మనుష్యుల వంశావళిని ఏ పుస్తకములోను వ్రాయలేదు. వారికి బహుమానపు కప్పు లేదు, చప్పట్లు లేవు. 1921లో ఏర్పడిన ఆంధ్ర జనసంఘము మొదలుకొని ఆంధ్రమహాసభ వఱకు వెట్టిచాకిరిని గూర్చి మాటలాడిన పెద్దలందఱును ఈ అవమానమును గూర్చియే మాటలాడిరి. 1946 జూలై 4వ తేదీన, నేడు జనగామ జిల్లాలో నున్న కడివెండిలో, విసునూరు దేశముఖు మనుష్యుల తుపాకులకు దొడ్డి కొమరయ్య నేలకొరిగెను. దొర బగ్గీ ముందు పరుగెత్తిన కాళ్ళు అటు తర్వాత దొర గడీ వైపు నడిచినవి.

గుఱ్ఱమునెడ మాకు ద్వేషము లేదు. ఈ గడ్డమీద పుట్టినవారికెవరికిని ఉండదు. 1244లో కాకతీయ గణపతిదేవుడు మోటుపల్లి రేవులో వేయించిన అభయశాసనమును చదివినవారికి ఆనాటి రాజులు గుఱ్ఱమునకిచ్చిన విలువ తెలియును. తుపానులో చిక్కి ఒడ్డునకు కొట్టుకొనివచ్చిన ఓడలలోని బంగారమును, ఏనుగులను, గుఱ్ఱములను, రత్నములను పూర్వపు రాజులు బలాత్కారముగా లాగికొనెడివారనియు, తాను సుంకము తప్ప వేఱేమియు తీసికొననని అభయమిచ్చుచున్నాననియు ఆ శాసనము చెప్పుచున్నది. కష్టములో నున్న వర్తకుని సొత్తుపై చేయి వేయుట గొప్పతనము కాదని ఆ రాజునకు తెలిసినది. ఆయన పేరు భూపాలపల్లికి చేరువ నున్న గణపురములో, కోటగుళ్ళ రాళ్ళలో, నేటికిని నిలిచియున్నది. ఓరుగల్లు సింహాసన మెక్కిన రుద్రమదేవిని గుఱ్ఱముమీద తప్ప మనము ఊహింపనే యూహింపము. గుఱ్ఱము యుద్ధములో తన పని ముగించుకొన్న దినమునకూడ దక్కను పేరు దానితో నున్నది: హైదరాబాదు కంటింజెంటు ఆశ్వికులనుండి పుట్టిన దక్కను హార్సు అను దళము 1916 జూలై 14న, ఫ్రాన్సులో సోమ్ నదీప్రాంతపు పోరున, హైవుడ్ అను అడవి వద్ద, బల్లెములు పట్టి మరతుపాకులకు ఎదురేగెను. ఎవరి రాజ్యము, ఎవరి యుద్ధము అను ప్రశ్న వేఱు.

కాబట్టి గుఱ్ఱము మనకు పరాయిది కాదు. పరాయిది దాని వెనుక కూర్చున్నది. ఈ విషయమున భారతములోని నలోపాఖ్యానమంత చక్కగా చెప్పిన శాస్త్రగ్రంథము వేఱొకటి లేదు. నలుడు జూదములో రాజ్యము పోగొట్టుకొన్నాడు. బాహుకుడను పేర ఋతుపర్ణునికి సారథిగా కుదిరి, అయోధ్యనుండి కుండినపురికి ఒక్క దినములో రథము నడిపినాడు. ఆయనకు అశ్వహృదయము తెలియును. ఋతుపర్ణునికి అక్షహృదయము తెలియును. దారిలో ఇద్దఱును తమ విద్యలను మార్చుకొనిరి. గుఱ్ఱపు మనసు తెలిసికొనుట యొక విద్య, పాచికల లెక్క తెలిసికొనుట యొక విద్య; రెండును ఒకటి కావని మన పూర్వులకు తెలిసినందువలననే రెండు పేర్లు పెట్టిరి. అశ్వహృదయము తెలిసినను నలుడు జూదములో ఓడినాడని మఱువరాదు.

నేటి న్యాయశాస్త్రము ఈ రెంటిని కలిపివేసినది. 1996లో లక్ష్మణన్ వ్యాజ్యమున సుప్రీముకోర్టువారు గుఱ్ఱపు పందెము నైపుణ్యముపై ఆధారపడినది గనుక దానిపై సొమ్ము కట్టుట జూదము కాదని తీర్పు చెప్పిరి. గుఱ్ఱముయొక్క వంశము, శిక్షణము, రౌతు నేర్పు మొదలగునవి అదృష్టముకంటె మిన్న యని వారి యభిప్రాయము. తీర్పు శిరోధార్యమే, కాని నేర్పు ఎవరిదని అడుగు స్వాతంత్ర్యము పత్రికకు కలదు. నేర్పు గుఱ్ఱమునకున్నది, రౌతునకున్నది, నాలుగు గంటలకే లేచి మాలీసు చేయు సైసునకున్నది. కిటికీవద్ద నోటు చాచినవానికి ఏ నేర్పున్నది? పేకాట సంగతి చూడుడు. సికింద్రాబాదులోని ఒక క్లబ్బుమీద నడచిన కేసులోనే 1967లో రమ్మీ నైపుణ్యపు ఆట యని సుప్రీముకోర్టువారు పలికిరి. అయినను 2017లో తెలంగాణ ప్రభుత్వము అంతర్జాలమున డబ్బుపెట్టి ఆడు రమ్మీని నిషేధించినది; ఇండ్లు కూలుచున్నవని కారణము చెప్పినది. ఆ కారణము మాకు నచ్చినది. పేకముక్క యిల్లు కూల్చునప్పుడు గుఱ్ఱపు డెక్క కూల్చదా? రెండింటికిని నైపుణ్యపు ముద్రయే యున్నది. ఒకదానికి మాత్రము కోటు, టోపీ, కప్పు, బ్యాండు ఉన్నవి.

చరిత్ర విడిచి చాలదూరము వచ్చితిమి. 1948 సెప్టెంబరులో సంస్థానము భారతదేశమున చేరిన తర్వాత, సైనిక ప్రభుత్వపు కాలమున, 1358 ఫసలీ సంవత్సరపు నిబంధనలు కొన్ని వెలువడినవి. వానిలో ఒకటి జాగీర్దారీని రద్దుచేసినది. మఱియొకటి గుఱ్ఱపు పందెములమీదను, వానిపై కట్టు సొమ్ముమీదను పన్ను విధించినది. ఒకే ఫసలీలో జాగీరు పోయినది, పందెము పన్ను చెల్లించి నిలిచినది. తెలివైన పందెము! తర్వాత 1961లో హైదరాబాదు రేసు క్లబ్బు ఏర్పడి సికింద్రాబాదు పరేడు మైదానములో పందెములు నడిపినది; 1968లో మలక్‌పేట మైదానమును బాగుచేసికొని అచ్చటికి మరలినది. ఏటేట వర్షకాలమున ఒక తరుణము, శీతకాలమున ఒక తరుణము. వర్షకాలపు తరుణమునకు తలమానికము దక్కను డెర్బీ. మూడేండ్ల గుఱ్ఱములు, రెండువేల మీటర్ల దూరము, రెండు నిమిషములకు పైచిలుకు కాలము. మూడవ యేడు ఏ గుఱ్ఱమునకైనను ఒక్కసారియే వచ్చును గనుక ఈ కప్పుకొఱకు జన్మలో ఒక్కసారి మాత్రమే పరుగెత్తగలదు. బొంబాయి మహాలక్ష్మిలో 1943 నుండి నడచుచున్న ఇండియన్ డెర్బీకి చేరదలచిన గుఱ్ఱములకు మలక్‌పేట ఒక మెట్టువంటిది.

మేము ఒకసారి ఆ మైదానమునకు పోయితిమి. పోయినమాట దాచము. పందెమునకు ముందు గుఱ్ఱములను వలయముగా నడిపించుచోట కంచె నానుకొని నిలిచితిమి. నున్నని చర్మముక్రింద నరములు తీగలవలె కదలుచుండెను. ఒక గోధుమవన్నె ఆడుగుఱ్ఱము మావైపు చూచి చెవులు నిక్కించినది. ఇంతకంటె అందమైన ప్రాణిని దేవుడు చేయలేదని తోచినది. పందెము మొదలైనప్పుడు మొదట దూరమున రంగుల చుక్కలు. తర్వాత నేల అదరుట. తర్వాత గాలి వలె మా ముందునుండి పోవుట. అటు తిరిగి జనమును చూచితిమి. మా ప్రక్కనున్న పదిమందిలో ఒక్కడును గుఱ్ఱమును చూచుటలేదు. చేతిలోని చీటీని, ఎదుటనున్న పలకమీది అంకెలను చూచుచున్నారు. గెలిచిన గుఱ్ఱము పేరైనను కొందఱు పలుకలేదు. "ఏడో నెంబరు" అనిరి.

నగరమునకు పోలేనివారికి పందెమే ఊరికి వచ్చుచున్నది. ఈ మూడు పట్టణములలో ఒకదానిలో, పేరు చెప్పుట మాకిష్టము లేదు, ఒక చిన్న దుకాణములో టెలిఫోనుమీద పందెములు వ్రాసికొనెడి కాలమొకటి యుండెను. మాకు తెలిసిన ఒక రైతు, మిర్చి అమ్మిన సొమ్ములో ఎరువుల అప్పునకు కట్టవలసిన భాగమును అచ్చట కట్టినాడు. మొదటివారము గెలిచినాడు, అదియే ఆతని దురదృష్టము. రేసు పుస్తకమును పఠనమందిరమునకు తెచ్చి, పత్రికలకు వేసిన బల్లమీద పఱచి, కళ్ళద్దములు సవరించుకొని గుఱ్ఱముల తల్లిదండ్రుల పేర్లు చదివెడివాడు. తన రెండవ కుమారుడు ఏ తరగతి చదువుచున్నాడో ఆతనికి తెలియదు. మూడవ వానకాలమునకు రెండెకరముల చెలక పోయినది. అనుమతిలేని ఆ పందెము చట్టవిరుద్ధమే. కాని అనుమతి గల కిటికీ ఒకటి రాజధానిలో వెలుగుచున్నంతకాలము అనుమతిలేని కిటికీలు ఊరూర దాని వెలుతురుతోనే బ్రదుకును.

పందెముల పక్షము వహించువారు చెప్పు మాటలలో సారము లేకపోలేదు. వేలమందికి, సైసులకు, నాలములు కొట్టువారికి, పశువైద్యులకు, గుఱ్ఱపుపిల్లలను పెంచు తోటలవారికి అన్నము దీనివలన దొరకుచున్నది. ఖజానాకు పన్ను వచ్చుచున్నది. 2023 అక్టోబరు 1 నుండి 2025 సెప్టెంబరు వఱకు కట్టిన పందెపు సొమ్ము మొత్తముమీద 28 శాతము జీఎస్టీ ఉండెను. సైసు కూలి మాకు పవిత్రమే. కాని ఆతని కూలి కొఱకు రైతు చెలక పోవలెనను న్యాయము మాకు బోధపడుటలేదు. పన్ను వచ్చుచున్నదనుట మఱింత బలహీనమైన వాదము. సారామీదను పన్ను వచ్చుచున్నది. అయినను ఆ దినమున సారా దుకాణము మూయుచున్నారు గదా.

గుఱ్ఱము మన పల్లెలకు చేయుచున్న మేలొకటి ఆ వాదులకు తోచకపోవుట మాకు వింతగా నున్నది. భూపాలపల్లి అడవిచెలకలలో, మానుకోట వరిమళ్ళలో నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, చిన్నపింజరి కరచినప్పుడు ఆసుపత్రిలో ఎక్కించు మందు గుఱ్ఱపు రక్తమునుండి తీసినదే. కొంచెము కొంచెముగా విషమును గుఱ్ఱమునకెక్కించి, అది జీర్ణించుకొన్న పిదప దాని రక్తపు తేటనుండి విరుగుడు తీయుదురు. రాత్రి మడికి నీరుకట్టబోయి కాటుపడిన కూలివాని ప్రాణము నిలిపిన గుఱ్ఱమునకు కప్పు ఇచ్చినవారు లేరు. ఏ దినముననైన గుఱ్ఱమునకు ఊరేగింపు చేయవలసివచ్చిన, ఆ గుఱ్ఱమునకు చేయుదము.

ఇక దినము సంగతి. "దినములో నేమున్నది? సెలవుదినము గనుక జనము వత్తురు, అంతే" యని కొందఱందురు. దినములోనే యంతయు నున్నది. ఇంగ్లండులో స్త్రీల ఓటుహక్కు కొఱకు పోరాడిన ఎమిలీ డేవిసన్ 1913 జూన్ 4వ తేదీన, ఎప్సమ్ డెర్బీ జరుగుచుండగా, అయిదవ జార్జి చక్రవర్తి గుఱ్ఱమునకు ఎదురుగా మైదానములోనికి పోయి, దెబ్బలు తిని, నాలుగు దినములకు మరణించినది. దేశమంతయు చూచు దినము గనుకనే ఆమె ఆ దినమును ఎన్నుకొన్నది. దినమునకు అర్థము లేకున్న ఆమె మఱియొక నాడు పోయియుండును. గాంధీమహాత్ముడు తన యంగ్ ఇండియా పత్రికలో గుఱ్ఱపు పందెములను గూర్చి వ్రాసినప్పుడు వానియెడ తనకుగల ఏవగింపును దాచుకొనలేదు. ఆ మైదానములలో చెడిపోయినవారిని తలచుకొని వ్రాసెను. ఏవగించుకొన్న పనిని ఆయన పుట్టినదినముననే, ఆయన పేరిట వచ్చిన సెలవును వాడుకొని చేయుట, తద్దినమునాడు పోయినవారికి గిట్టనిదే వండి వడ్డించుటవంటిది.

మలక్‌పేటలో ఆ దినమున కానవచ్చు చిత్రమును పాఠకులు ఒక్కసారి తలపోయుదురుగాక. మహబూబు ప్రభువుగారి మాన్షన్ శిథిలమై నిలిచియున్నది. దాని ఆవరణములో వెలసిన వ్యవసాయ మార్కెటునకు మన జిల్లాల రైతులును మిరపబస్తాలు వేసికొని పోవుచుందురు. ఖమ్మమున, ఎనుమాములలో ధర కుదరనప్పుడు ఇచ్చటికి పోవుట కలదు. గాంధీ జయంతినాడు ఆ మార్కెటు తలుపు మూసియుండును. రైతు సరకు అమ్ముకొనుటకు సెలవు. ఆ పేటలోనే పందెము కట్టుటకు సెలవు లేదు.

పందెములను నిషేధింపుడని మేము ఈ దినమున కోరుటలేదు. కోర్టుతీర్పు ఉండగా అట్టి కోరిక పత్రిక కాలములను నింపుటకే పనికివచ్చును. మేము కోరునది చిన్నది. దక్కను డెర్బీకి మఱియొక తేదీ నిర్ణయించుడు. వర్షకాలపు తరుణము జూలైనుండి సాగుచున్నది, ఆదివారములకు కొదువ లేదు. అట్లుగాక తేదీయే ముఖ్యమనిన, అక్టోబరు 2న గుఱ్ఱములను తప్పక పరుగెత్తింపుడు. పందెపు కిటికీలను మాత్రము ఆ యొక్క దినము మూయుడు. సారా లేని దినమున చీటీలు కూడ లేకుండ గుఱ్ఱమును గుఱ్ఱముగా చూచుటకు ఎందఱు వత్తురో చూతము. నైపుణ్యమే ప్రధానమను తీర్పునకు అంతకంటె మంచి సాక్ష్యము దొరకదు. జనము వచ్చినయెడల మా విమర్శను మేమే ఉపసంహరించుకొందుము. ఆ గోధుమవన్నె గుఱ్ఱపు సంతతి ఏదైన పరుగెత్తుచున్న మేమును జనగామనుండి ఉదయపు రైలులో వచ్చి కంచెవద్ద నిలుతుము.

జనగామ, మానుకోట, భూపాలపల్లి పఠనమందిరముల కార్యదర్శులు ఈ విషయమై తమ సభ్యులచే తీర్మానములు చేయించి, వచ్చు తరుణపు పందెముల పట్టిక అచ్చగుటకు ముందే క్లబ్బువారికిని ప్రభుత్వమునకును పంపవలెనని కోరుచున్నాము. తీర్మానపు ప్రతిని మాకు పంపినవారి గ్రామము పేరును ఈ పత్రికలో ప్రకటింతుము.